ఇంట్లో తలా ఒక డైట్ చెబుతున్నారు, ఎవరి మాట వినాలి?

ప్రశ్న: "మేము హన్మకొండలో ఉంటాం. నా వయసు 39, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 74 కిలోలు. కాజీపేటలో ఉద్యోగం. రెండేళ్ల కింద అన్నం పూర్తిగా మానేసి కొబ్బరినూనె, సూపుల డైట్ చేసి మూడు నెలల్లో 11 కిలోలు తగ్గాను. ఏడాది తిరిగేసరికి నోరు కట్టుకోలేక అదంతా మళ్లీ తెచ్చుకున్నాను, పైన ఇంకో రెండు కిలోలు కూడా. మొన్న హెచ్‌బిఎ1సి (మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్త పరీక్ష) 6.1 వచ్చింది. షుగర్ అంచున ఉన్నారు, బరువు తగ్గండి అన్నారు డాక్టర్ గారు. ఇంట్లో తలా ఒక మాట. మా వారు పొద్దున టిఫిన్ మానేసి మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 లోపే తింటారు, నన్నూ అట్లాగే చేయమంటారు. అత్తమ్మేమో 'జొన్న గట్క తిని, చల్ల తాగి పెరిగినం, మాకు లేని రోగాలు మీకెక్కడివి' అంటది. ఆడబిడ్డ ప్రకృతి ఆశ్రమంలో నెల ఉండొచ్చి ఉప్పు, నూనె మానేసింది, మమ్మల్నీ మానేయమంటది. ఆఫీసులో ఒకామె ప్రొటీన్ పౌడర్ డబ్బా కొనమంటుంది. ఇప్పుడు నేను పొద్దున పిల్లలిద్దరికీ టిఫిన్, అందరికీ అన్నం కూర, అత్తమ్మకు రొట్టె, నాకు కొర్రలు వండుతున్నా. నా బాక్సులో కొర్రన్నం, పచ్చడి పెట్టుకుని పోతా. సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరేసరికి కళ్లు తిరిగే ఆకలి. చాయ్‌తో ఏది దొరికితే అది తినేస్తా. పిల్లలు పళ్లెంలో వదిలేసింది పారేయబుద్ధి కాక అదీ తింటా. రాత్రి పదింటికి రెండు చపాతీలు. నెల రోజులైనా ముల్లు కదలలేదు. ముందర బతుకమ్మ, దసరా ఉన్నాయి. ఎవరి మాట వినాలి?"
ఒక సోదరి, హన్మకొండ

సమాధానం: పౌడర్ అమ్మే ఆమెను పక్కన పెడితే, మిగతా ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంది. కాకపోతే ఆ ముగ్గురూ చెప్పేవాళ్లే, మీ ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడేది మాత్రం మీరు. అందుకే మీ ఉత్తరంలో హెచ్‌బిఎ1సి కంటే ముందు నా కంట్లో పడింది పొద్దున మీరు చేసే వంటల వరస. ఒక్కరి బరువు కోసం ఇంట్లో నాలుగు రకాలు ఉడకాల్సి వస్తే ఆ పద్ధతి ఎంత గొప్పదైనా నిలవదు. పిల్లలకు పరీక్షలు వచ్చిన వారం, అత్తమ్మకు జ్వరం వచ్చిన వారం, అన్నిటికంటే ముందు ఆగిపోయేది మీ గిన్నే. కాబట్టి నేను చెప్పబోయేదానికి ఒకటే షరతు: ఇంటిల్లిపాదికీ వండిన దాంట్లోంచే మీ పళ్లెం రావాలి.

ముందు ఆ 11 కిలోల సంగతి. నోరు కట్టుకోలేక తెచ్చుకున్నానని రాశారు. అంత నింద వేసుకోవాల్సిన పని లేదు. అన్నం, రొట్టె ఒక్కసారిగా బంద్ చేస్తే కాలేయంలో, కండరాల్లో దాచి ఉన్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఖర్చయిపోతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీళ్లను పట్టుకుని ఉంటుంది. గ్లైకోజెన్ పోతే ఆ నీళ్లూ పోతాయి. మొదటి పది రోజుల్లోనే రెండు మూడు కిలోలు దిగి మనిషికి ఎక్కడలేని హుషారు వచ్చేది అందుకే. ఆ తర్వాత తగ్గింది మాత్రం కొవ్వే, దాంతోపాటు కొంత కండ కూడా. అందులో కొబ్బరినూనె మహత్యం ఏమీ లేదు. రోజుకు 70 గ్రాములు తాగారనుకుందాం, గ్రాముకు తొమ్మిది కేలరీల లెక్కన 630 కేలరీలు. మిగతా రోజంతా సూపులు, నిమ్మకాయ నీళ్లే కాబట్టి మొత్తం కలిపినా మామూలుగా తినేదాంట్లో సగానికి అటూ ఇటూగా ఉంటుంది. అంత తక్కువ తింటే ఎవరైనా తగ్గుతారు.

తగ్గినాక ఒళ్లు ఊరుకోదు. 2011లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో, బాగా తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గినవాళ్లను ఏడాది తర్వాత మళ్లీ పరీక్షించారు. ఆకలి పుట్టించే హార్మోన్ అప్పటికీ ఎక్కువగానే ఉంది, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు అప్పటికీ తక్కువగానే ఉన్నాయి. అంటే డైట్ ఆపిన ఏడాదిలో మీరు పోరాడింది మామూలు ఆకలితో కాదు. మళ్లీ ఒకసారి అదే చేస్తే పోలేదా అని మీకు ఉంటే ఉండవచ్చు గానీ, వద్దు. వేగంగా బరువు దిగితే గాల్‌బ్లాడర్‌లో రాళ్లు పడే అవకాశం పెరుగుతుంది. షుగర్ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా ఇట్లాంటివి మొదలుపెట్టి షుగర్ మరీ పడిపోయి ఆస్పత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. అన్నిటికంటే, పోయిన కండ తేలిగ్గా తిరిగి రాదు, పెరిగిన బరువులో ఎక్కువ భాగం కొవ్వే వస్తుంది.

ఇక మీ వారి పద్ధతి. గంటల లెక్కతో తినడంలో తప్పేమీ లేదు. అందులో అదనపు మహిమ ఉందా అన్నదే ప్రశ్న. 2022లో చైనాలో 139 మందిని రెండు గుంపులు చేసి ఇద్దరికీ ఒకే తీరుగా కేలరీలు తగ్గించారు. ఒక గుంపు పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపే తినాలి, రెండో గుంపుకు టైమ్ పట్టింపు లేదు. ఏడాది తర్వాత మొదటి గుంపు సగటున 8 కిలోలు, రెండోది 6.3 కిలోలు తగ్గింది. ఆ తేడా లెక్కలోకి తీసుకోదగ్గది కాదని తేల్చారు. మీ వారికి పొద్దున ఆకలి లేదు, టిఫిన్ మానేస్తే ఆయనకు సులువుగా కుదిరింది. సంతోషం, ఆయన్ను అట్లాగే ఉండనివ్వండి. మీరు ఐదింటి నుంచి పొయ్యి దగ్గర నిలబడి, అందరికీ పెట్టి, ఖాళీ కడుపుతో కాజీపేట బస్సెక్కితే సాయంత్రం వచ్చే ఆకలి ఇప్పటికంటే రెండింతలవుతుంది. ఆయన మాటలో మీరు తీసుకోదగ్గది వెనక సగం: రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నర లోపు తిని ముగించడం. పది గంటల చపాతీని సీరియల్ కంటే ముందుకు జరపండి.

చపాతీ అన్నాను కాబట్టి ఆ మాట కూడా ఇక్కడే. రాత్రి అన్నం మానేసి చపాతీ తింటే తగ్గుతామని మన దగ్గర ఒక గట్టి నమ్మకం. గోధుమ పిండి, బియ్యం, వంద గ్రాములకు కేలరీలు దాదాపు ఒకటే. చపాతీలో పీచు, మాంసకృత్తులు కాస్త ఎక్కువ, లెక్కపెట్టి తింటాం, అదొక్కటే లాభం. పైన నూనె రాసి కాలిస్తే ఆ లాభమూ పోతుంది. అన్నం మీద మనసుంటే రాత్రి ఒక చిన్న కప్పు అన్నమే తినండి, కూర మాత్రం రెండింతలు వేసుకోండి. ఇంట్లో ఒక వంట తగ్గుతుంది.

నలుగురిలో అసలు సంగతికి బాగా దగ్గరగా వచ్చింది మీ అత్తమ్మ. ఆమె తరం మన వైపు జొన్న గట్క, మక్క గట్క, అంబలి, పచ్చిపులుసు మీద బతికింది. వరి అన్నం పండుగకో, చుట్టాలొస్తేనో. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్లు పొలాలకు వచ్చి వరి పెరిగింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. పాలిష్ పట్టిన బియ్యం పేదింటికీ అందింది, అందాల్సిందే కూడా. 2025 ఉగాదికి రేషన్ షాపులో సన్నబియ్యం ఇవ్వడం మొదలైంది. ఆకలి తీరింది గానీ పళ్లెం తెల్లబడింది. జొన్నలు, కొర్రల్లో పీచు ఎక్కువ, మెల్లగా అరుగుతాయి, షుగర్ అంచున ఉన్నవాళ్లకు మంచివే. కేలరీలు మాత్రం బియ్యంకంటే పెద్దగా తక్కువేమీ కావు. కొర్రలు కదా అని పళ్లెం నిండా పెట్టుకుంటే ముల్లు కదలదు. ఇంకో మాట అత్తమ్మ మరిచిపోయారు. గట్క తిన్న ఆ మనుషులు నాట్లేశారు, కలుపు తీశారు, మోట కొట్టారు. మీరు రోజంతా కుర్చీలో కూర్చుంటారు. ఆమెతో వాదం పెట్టుకోవద్దు. వారానికి రెండు మూడు రోజులు అందరికీ ఆమె జొన్న రొట్టే, ఆమె గట్కే పెట్టండి, ఓపిక ఉంటే ఆమెనే చేయమనండి. మీ పిల్లలు మొదట్లో మూతి ముడుస్తారు, పుంటికూర పప్పు పక్కన ఉంటే తినేస్తారు. ఆ రోజుల్లో మీకు వేరే కొర్రల గిన్నె అక్కర్లేదు.

ఆడబిడ్డ విషయం తొందరగా ముగిద్దాం. ఉప్పు తగ్గిస్తే బీపీకి మంచిది, రోజుకు ఐదు గ్రాములు దాటొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. కానీ ఉప్పులో కేలరీలు లేవు. మానేసిన మొదటి వారం తగ్గేది నీళ్లే. నూనె మాత్రం నిజంగా లెక్క చూడాల్సిందే. అదే సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల పళ్లేనికి నూనె 27 గ్రాములే రాసింది. మీ ఇంట్లో ఐదుగురికి నెలకు నాలుగు, నాలుగున్నర లీటర్ ప్యాకెట్లకు మించకూడదన్నమాట. ఖాళీ ప్యాకెట్లు నెలాఖరు దాకా పారేయకుండా ఒక సంచిలో వేసి చూడండి, వాదం అక్కర్లేకుండా తేలిపోతుంది. కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పౌడర్లు వాడొద్దని కూడా ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆఫీసులో ఆమెకు ఆ మాట చెప్పి చిరునవ్వు నవ్వండి.

ఇన్ని పద్ధతుల్లో ఏది గెలుస్తుందని పరిశోధకులకూ ఉండేది. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో 609 మందిని తీసుకుని సగం మందికి కొవ్వు తక్కువ తిండి, సగం మందికి పిండిపదార్థాలు తక్కువ తిండి ఏడాది పాటు నేర్పారు. మొదటివాళ్లు సగటున 5.3 కిలోలు, రెండోవాళ్లు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక్కో గుంపు లోపల మాత్రం తేడా చాలా ఉంది: పాతిక కిలోలకు పైగా తగ్గినవాళ్లూ ఉన్నారు, పెరిగినవాళ్లూ ఉన్నారు. ఆ దేశంలోనే 1994 నుంచి, బాగా బరువు తగ్గి కనీసం ఏడాది నిలబెట్టుకున్నవాళ్ల వివరాలు రాసిపెడుతున్నారు. వాళ్లు తగ్గిన దారులు రకరకాలు. నిలబెట్టుకున్న తీరు మాత్రం చాలావరకు ఒకటే. ఎక్కువ మంది పొద్దున టిఫిన్ తింటారు, వారానికి ఒకసారైనా బరువు చూసుకుంటారు, టీవీ తక్కువ చూస్తారు, రోజూ గంట పాటు ఒళ్లు వంచుతారు. మీ ఇంట్లో గొడవంతా తగ్గే దారి గురించి జరుగుతోంది. మీకు రెండేళ్ల కింద తగ్గడం చేతకాక కాదు కదా, దెబ్బతిన్నది నిలబెట్టుకునే దగ్గర.

ఇప్పుడు మీ వంటింట్లోకి వద్దాం.

మన ఇళ్లలో కూర ఎందుకు వండుతాం? అన్నం లోపలికి దిగడానికి. నలుగురైదుగురు ఉన్న ఇంట్లో అరకిలో బీరకాయో బెండకాయో తెచ్చి రెండు పూటలకూ సరిపెడతాం. ఐదుగురికి అరకిలో అంటే మనిషికి రోజంతా కలిపి వంద గ్రాములు. పోషకాహార సంస్థ చెప్పేది ఆకుకూరలతో కలిపి 400 గ్రాములు. ఒక్కసారిగా అంత కుదరదు, ఖర్చు కూడా. రైతుబజార్‌కు వెళ్లినప్పుడు ముందు రెండింతలు చేయండి: పొద్దున కిలో కూరగాయలు, పక్కన రెండు కట్టలు తోటకూరో, పాలకూరో, దొరికితే గంగవాయిలు కూరో పప్పులోకి. కూర రెండింతలైంది కదా అని తాలింపు నూనె రెండింతలు చేయొద్దు, ఉన్నదే సరిపోతుంది. బియ్యం ఒక గ్లాసు తగ్గించండి. తెలంగాణ సోనా రకం, అదే ఆర్ఎన్ఆర్ 15048, దొరికితే అదే కొనండి. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన ఈ సన్నరకం గ్లైసీమిక్ సూచీ, అంటే తిన్నాక రక్తంలో షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, 51 చిల్లర, మామూలు సన్నబియ్యంకంటే తక్కువ. అట్లాగని దాన్నీ కుప్ప పోసుకోకూడదు. పళ్లెంలో సగం కూర, పావు పప్పో గుడ్డో చేపో, పావు అన్నమో రొట్టో. ముందు కూర, పప్పు వడ్డించుకుని తర్వాత అన్నం పెట్టుకోండి, చేయి దానంతటదే చిన్నగా పడుతుంది.

మీ బాక్సు సంగతి చూస్తే నాకు కోపమే వచ్చింది. కొర్రన్నం, పచ్చడి! అందులో పప్పు లేదు, కూర లేదు, గుడ్డు లేదు. ఐదు గిన్నెలు కడిగే ఓపిక లేక పచ్చడితో సరిపెట్టుకున్నారని అర్థమైంది. ఒంటిగంటకు అది తిని ఆరున్నరదాకా ఉంటే కళ్లు తిరగక ఏమవుతుంది? మీకు రోజుకు 50, 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో ఆరు గ్రాములు, గట్టి పప్పు ఒక కప్పులో ఏడు గ్రాముల దాకా, పెద్ద కప్పు పెరుగులో ఆరు. నీళ్లలాంటి పప్పుచారులో వచ్చేది కొంచెమే. పొద్దున కుక్కర్‌లో పప్పు ఉడికేటప్పుడే రెండు గుడ్లు కూడా వేరే గిన్నెలో ఉడకబెట్టండి. ఇంట్లో వండిన అన్నం కూరే బాక్సులోకి, కూర సగం పైగా, పప్పు, ఒక గుడ్డు. పచ్చడి ఒక వేలి కొసకు. పొద్దున వెళ్లేముందు పిల్లలకు చేసిన టిఫినే కాస్త మీరూ తినండి, నిలబడి కాదు, కూర్చుని.

సాయంత్రం ఆరున్నరే మీ ఇంట్లో అసలు యుద్ధం జరిగే టైమ్. పదకొండు కిలోలు తిరిగొచ్చింది కూడా ఆ గంటలోనే అని నా అనుమానం. చాయ్ గిన్నె పక్కన మురుకుల డబ్బా, ఒక చేత్తో ఉల్లిగడ్డ కోస్తూ ఇంకో చేత్తో డబ్బాలోంచి. కూర్చుని తిననిది తిన్నట్టు లెక్కలోకి రాదు, కానీ ఒళ్లు లెక్క రాసుకుంటుంది. ఆఫీసు నుంచి బయల్దేరేముందే, నాలుగున్నర ఐదు మధ్య, ఏదైనా తినండి. బొబ్బెర గుడాలో, శనగ గుడాలో పొద్దునే ఒక చిన్న డబ్బాలో పెట్టుకుంటే సరి. వేయించిన శనగలు గుప్పెడు, లేదంటే జామకాయ. ఇంటికి రాగానే ఒక గ్లాసు చల్ల. ఆకలి చల్లబడ్డాక ఉల్లిగడ్డ కోయడానికి కూర్చోండి. పిల్లలు వదిలేసిన అన్నానికి మందు ఒక్కటే, మొదట్నుంచీ తక్కువ వడ్డించి మళ్లీ అడిగితే పెట్టడం. అన్నం పారేయకూడదన్న మాట సరే, దాన్ని మీ కడుపులో పారేయాల్సిన అవసరం లేదు.

బతుకమ్మ గురించి భయపడొద్దు. సద్దుల నాడు నువ్వుల సద్ది, పెరుగు సద్ది, మలీద ముద్ద తినకుండా ఇంటికొచ్చే మనిషిని ఎవరూ మెచ్చుకోరు, అవసరం కూడా లేదు. దసరా నాడు బగారా, మాంసం హాయిగా తినండి. ఆ రోజుల్లో తిన్నదాని వల్ల ఎవరూ లావెక్కరు. పండుగకు కిలోలకు కిలోలు చేసి స్టీలు డబ్బాలో పెట్టిన అప్పాలు, గారెలు తర్వాత మూడు వారాలు ఇంట్లో ఉండటం వల్లే ఎక్కుతారు. సంక్రాంతికి సకినాలదీ ఇదే కథ. సగం చేయండి, చేసినదాంట్లో సగం తోడికోడళ్లకు, ఆడబిడ్డలకు పంచేయండి. ఆ తొమ్మిది రోజులూ చప్పట్లు కొడుతూ తిరిగే ఆట కూడా నడకే, అది మీ ఖాతాలో వేసుకోండి.

మామూలు రోజుల్లో అయితే భద్రకాళి కట్ట మీదో, వడ్డేపల్లి కట్ట మీదో వారానికి ఐదు రోజులు అరగంట గట్టిగా నడవండి. నడకతోనే తగ్గాలంటే కష్టం, గంట నడిచినా ఖర్చయ్యేది 250 కేలరీల చుట్టుపక్కలే. తగ్గినదాన్ని నిలబెట్టడానికీ, షుగర్‌కూ మాత్రం దానికి మించింది లేదు. వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి తోయడం లాంటివి పదేసి సార్లు చేయండి, కండ కోసం.

లెక్కలు చెప్పి ముగిస్తా. మన వాళ్లకు బీఎమ్ఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. మీది 30. దాన్ని 23కు దించాలని టార్గెట్ పెట్టుకుంటే నాలుగు నెలల్లో విసుగొస్తుంది. ముందు ఐదు కిలోలు చాలు. అమెరికాలో షుగర్ అంచున ఉన్న మూడు వేల మందికి పైగా మనుషుల మీద చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. బరువులో ఏడు శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం అన్న లక్ష్యాలతో షుగర్ వచ్చే ప్రమాదం 58 శాతం తగ్గింది. మీ 74 కిలోల్లో ఏడు శాతం అంటే ఐదు కిలోలే. 2006లో మన చెన్నైలో అట్లాంటిదే చేస్తే మనుషుల బరువు పెద్దగా తగ్గకపోయినా, తిండి, నడక మార్చుకున్నందుకే ప్రమాదం 28.5 శాతం తగ్గింది. అందుకని ఏదో ఒక వారం ముల్లు కదలకపోతే టెన్షన్ పడకండి. నెలకు ఒకటిన్నర, రెండు కిలోలు మంచి వేగం. వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున్నే బరువు చూసుకోండి. నెలకోసారి టేపుతో నడుము కొలవండి, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి.

హెచ్‌బిఎ1సి మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి, ఇవన్నీ మొదలుపెట్టిన మూడు నెలలకు మళ్లీ చేయించండి. దాంతోపాటు థైరాయిడ్ పరీక్ష కూడా ఒకసారి, మీ వయసులో ఆడవాళ్లకు అది చూసుకోవడం మంచిదే. 6.5 లేదా ఆపైన వస్తే అది షుగర్ కిందికే వస్తుంది, మందుల విషయం అప్పుడు డాక్టర్ గారే చెబుతారు. ఈసారి అడగాల్సినవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. పోతూ పోతూ మీ వారిని కూడా తీసుకెళ్లండి. ఇంట్లో అందరి తిండి గురించీ రాశారు గానీ, ఆయన తన షుగర్ ఎప్పుడు చూపించుకున్నారో మాత్రం మీ ఉత్తరంలో లేదు.